ఓర్చుకోమని చెప్పేది సువార్త కాదు

మన చర్చిల్లో ఆడవాళ్ళకి ఎక్కువగా వినిపించే మాట ఏదని నన్నడిగితే ప్రేమ అనో విశ్వాసం అనో చెప్పను. "ఓర్చుకో అమ్మా, దేవుడు చూస్తున్నాడు" అన్న మాట. మొగుడు తాగొచ్చి కొడితే ఇదే మాట. అత్తింటివాళ్ళు బయటికి గెంటితే ఇదే మాట. మేస్త్రీ కూలి డబ్బులు ఎగ్గొట్టినా, రొమ్ములో గడ్డ వచ్చి పెద్దాసుపత్రికి వెళ్ళే స్తోమత లేకపోయినా ఇదే మాట. చెప్పేవాళ్ళు చెడ్డవాళ్ళని నేననడం లేదు. చాలామంది కళ్ళనీళ్ళు పెట్టుకునే చెప్తారు, తలమీద చెయ్యేసి ప్రార్థన చేసే చెప్తారు. కానీ ఆ ప్రార్థన అయిపోయాక ఆ మనిషి మళ్ళీ అదే ఇంటికి, అదే దెబ్బలకి, అదే అప్పుకి నడిచి వెళ్తుంది. కొట్టినవాడి దగ్గరికి మాత్రం ఏ అయ్యగారూ వెళ్ళి "ఒరే, దేవుడు చూస్తున్నాడు" అని చెప్పిరాడు. ఆ మాట నిజానికి చెప్పాల్సింది వాడికి కదా?

నేను క్రైస్తవురాలిని. ఆదివారం చర్చికి వెళ్ళేదాన్ని, కానుక వేసేదాన్ని, స్త్రీల సమాజంలో పాటలు పాడేదాన్ని. బయట నిలబడి రాళ్ళు వేయడం నా పని కాదు. లోపల చాప మీద కూర్చునే అడుగుతున్నాను. పేద స్త్రీకి ఓర్పు బోధించి, ఆమెని పేదరికంలో ఉంచినవాళ్ళకి ఏమీ బోధించని చర్చి, తన చేతిలో ఉన్న పుస్తకాన్ని చదువుతోందా? చదవడం లేదనే నా వాదన.

"దేవుడు చూస్తున్నాడు" అన్న మాట దగ్గరే మొదలుపెడదాం. బైబిల్లో దేవుడికి "చూస్తున్న దేవుడు" అని పేరు పెట్టింది ఎవరు? ప్రవక్త కాదు, యాజకుడు కాదు. హాగరు. ఐగుప్తు నుంచి వచ్చిన దాసి. యజమానురాలు శారాయికి పిల్లల్లేరని, ఆమె ఇష్టంతో పనిలేకుండా అబ్రాము పక్కలోకి పంపారు. కడుపు వచ్చాక శారాయి పెట్టిన బాధలు పడలేక అరణ్యంలోకి పారిపోయింది. అక్కడ నీటి ఊట దగ్గర ఆ పేరు పెట్టింది. అంటే ఆ పేరు ఓర్చుకున్న మనిషి పెట్టింది కాదు, పారిపోయిన మనిషి పెట్టింది.

ఆ కథలో ఒక చిక్కు ఉంది, దాన్ని దాచడం నాకిష్టం లేదు. దేవదూత ఆమెని తిరిగి వెళ్ళి యజమానురాలికి లోబడి ఉండమంటాడు. మన ప్రసంగీకులు గట్టిగా పట్టుకునేది దీన్నే. అమెరికా నల్లజాతి వేదాంతి డెలోరెస్ విలియమ్స్ 1993లో రాసిన 'సిస్టర్స్ ఇన్ ద వైల్డర్‌నెస్' అన్న పుస్తకంలో హాగరు కథని బానిసత్వంలో మగ్గిన తన పూర్వికురాళ్ళ కథగా చదివింది. ఇక్కడ దేవుడు హాగరుకి విడుదల ఇవ్వలేదు, బతికే దారి మాత్రం చూపించాడు అని ఆమె నిక్కచ్చిగా ఒప్పుకుంటుంది. అంత నిజాయితీ మన పుల్పిట్ల మీద ఎక్కడుంది? పైగా మనవాళ్ళు ఆదికాండం 16వ అధ్యాయం దగ్గరే ఆగిపోతారు. 21వ అధ్యాయంలో అదే హాగరుని కొడుకుతో సహా ఇంట్లోంచి వెళ్ళగొడతారు. ఈసారి దేవుడు తిరిగి వెళ్ళమని చెప్పడు. నీళ్ళ బావి చూపిస్తాడు. బిడ్డ బతుకుతాడు. ఆ అధ్యాయం మీద "లోబడి ఉండుడి" అన్న ప్రసంగం చెప్పడం కుదరదు కాబట్టి అది మనకి అరుదుగా వినిపిస్తుంది.

ఇంకో కథ, కానుకల ఆదివారం తప్పనిసరిగా వచ్చేది. పేద విధవరాలు రెండు కాసులు వేసిన కథ. ధనవంతులు మిగులులోంచి వేశారు, ఈమె బతుకుతెరువంతా వేసింది అన్నాడు యేసు. మార్కు సువార్త 12వ అధ్యాయం చివర ఉంటుంది. దానికి సరిగ్గా ముందున్న మాటలు ఏమిటో ఎంతమంది అయ్యగార్లు చదివి వినిపించారు? పొడుగు అంగీలు వేసుకుని, సంతల్లో దండాలు పెట్టించుకుని, విధవరాళ్ళ ఇళ్ళు దిగమింగే శాస్త్రుల మీద యేసు నిప్పులు చెరుగుతాడు అక్కడ. ఆ వెంటనే ఒక విధవరాలు వచ్చి ఉన్నదంతా వేసి ఖాళీ చేతులతో వెళ్తుంది. ఆ తర్వాత, 13వ అధ్యాయం మొదట్లోనే, ఈ దేవాలయంలో రాయి మీద రాయి నిలవదు అంటాడు. అధ్యాయాలకి అంకెలు తర్వాతి కాలంలో వేసినవి. అంకెలు తీసేసి వరసగా చదవండి. ఇళ్ళు మింగేవాళ్ళు, మింగబడ్డ ఒక విధవరాలు, కూలిపోయే గుడి. ఆమె త్యాగాన్ని యేసు గుర్తించాడు, నిజమే. కానీ ఆమె చేత చివరి కాసు కూడా వేయించుకున్న వ్యవస్థని మెచ్చుకున్నాడని ఎవరు చెప్పగలరు?

మా వైపు ఒక ఉజ్జీవ కూటంలో నేను కళ్ళారా చూశాను. ఉపాధి హామీ పనికి వెళ్ళే ఆడవాళ్ళు చెవి కమ్మలు తీసి కానుక సంచిలో వేశారు. స్టేజీ మీదున్న ప్రసంగీకుడు ఆ రాత్రి చెప్పింది రెండు కాసుల కథే. "విత్తితే నూరంతలు" అన్నాడు. ఆ కమ్మలు ఒక్కో ఆడమనిషి ఎన్ని నెలలు చీటీ కడితే వచ్చాయో ఆయనకి అక్కర్లేదు. పొడుగు అంగీల సంగతి మాత్రం ఆయన చదవలేదు.

మూడో మాట, పేదవాళ్ళు ఎప్పుడూ మీతోనే ఉంటారన్నది. పేదరికం గురించి ఏం మాట్లాడినా ఎవరో ఒకరు ఈ మాట ముందుకు తోస్తారు. యేసే చెప్పాడు కదమ్మా, పేదరికం పోయేది కాదు అని. అసలు యేసు ఆ మాట అన్నప్పుడు వింటున్నవాళ్ళకి ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయం నోటికి వచ్చు. ఆ అధ్యాయం మొదలయ్యేదే ఏడేళ్ళకోసారి అప్పులు రద్దు చేయాలన్న చట్టంతో. పేదలు ఉంటారు కాబట్టి చెయ్యి చాచి ఇవ్వాల్సిందే అన్నది అక్కడి ఆజ్ఞ. అప్పుల రద్దు చట్టంలో ఉన్న మాటని చేతులు దులుపుకోవడానికి వాడుకుంటున్నాం మనం.

ఆ అధ్యాయాన్ని, దానికి తోడు లేవీయకాండంలోని యాభయ్యో సంవత్సరపు సునాద చట్టాన్ని సీరియస్‌గా తీసుకున్న క్రైస్తవులు లేకపోలేదు. 'జూబిలీ 2000' అన్న ఉద్యమం పేరు అందులోంచే వచ్చింది. బీద దేశాల మీద ఉన్న తీరని అప్పులు రద్దు చేయమని 1998 మే నెలలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో, పెద్ద దేశాల నాయకులు సమావేశమైన చోట, దాదాపు 70,000 మంది చేయీ చేయీ పట్టుకుని గొలుసు కట్టారు. వాళ్ళలో చర్చిలనుంచి వచ్చినవాళ్ళు చాలామంది. తర్వాతి ఏళ్ళలో కొన్ని దేశాలకి అప్పులు తగ్గాయి. అలా అప్పు తగ్గిన జాంబియా 2006లో గ్రామీణ ప్రాంతాల ఆసుపత్రుల్లో ఫీజులు ఎత్తేసింది. ఒక వాక్యాన్ని పూర్తిగా చదివితే ఏమవుతుందో చెప్పడానికి ఇది చాలు. మనకి మాత్రం అప్పు అనగానే ప్రార్థన అంశం గుర్తొస్తుంది. 2010లో మన ఉమ్మడి రాష్ట్రంలో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ళకి తట్టుకోలేక ఆడవాళ్ళు ఆత్మహత్యలు చేసుకుంటుంటే ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఆ ఏడాది నేను విన్న ప్రసంగాల్లో ఒక్కదాంట్లో కూడా ద్వితీయోపదేశకాండం 15 రాలేదు.

చర్చి ఏం చేయగలదో చూపించినవాళ్ళు దూరంలోనూ ఉన్నారు, దగ్గర్లోనూ ఉన్నారు. ముందు దూరానికి వెళ్దాం. ఆస్ట్రేలియా డాక్టరు కేథరిన్ హామ్లిన్, భర్త రెజినాల్డ్‌తో కలిసి 1959లో ఇథియోపియాలోని ఆదిస్ అబాబాకి వెళ్ళింది. మూడేళ్ళకని వెళ్ళిన మనిషి 2020లో 96 ఏళ్ళ వయసులో అక్కడే కన్నుమూసింది. ఆమె వైద్యం చేసింది ఫిస్టులాకి. కాన్పు రోజుల తరబడి ఆగిపోతే, బిడ్డ తల ఒత్తిడికి లోపలి కండ చచ్చిపోయి మూత్రాశయానికీ యోనికీ మధ్య రంధ్రం పడుతుంది. బిడ్డ దాదాపు ప్రతిసారీ చచ్చిపోతుంది. తల్లికి మూత్రం ఆగదు, బట్టలు ఆరవు, వాసన పోదు. మొగుడు వదిలేస్తాడు, ఊరు దూరం పెడుతుంది. ఆమెనే శాపగ్రస్తురాలు అంటారు. సమయానికి మంత్రసానో సిజేరియనో అందితే రాని జబ్బు ఇది. అంటే పేదరికమూ ఆడపుట్టుకా కలిసి తెచ్చిన గాయం.

హామ్లిన్ భక్తిపరురాలు, ఆ విషయం ఎక్కడా దాచలేదు. ఆ భక్తి ఆమెని ఎక్కడికి తీసుకెళ్ళిందో చూడండి. ఆసుపత్రి కట్టింది, 60,000 మందికి పైగా స్త్రీలకి అక్కడ వైద్యం అందింది. అంతటితో ఆగలేదు. ఈ గాయం అసలెందుకు అవుతోందని అడిగి, 2007లో మంత్రసానుల కాలేజీ మొదలుపెట్టింది. పల్లెటూరినుంచి ఇదే గాయంతో వచ్చిన మామితు గాషే అన్న చదువురాని అమ్మాయి అక్కడే ఉండిపోయి, ఆపరేషన్లలో చెయ్యందిస్తూ, చివరికి తానే ఆపరేషన్లు చేసే సర్జన్ అయింది. లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ గుర్తింపు పొందింది. ఆమెకి ఎవరైనా ఓర్చుకో అని చెప్పి పంపించేసి ఉంటే ఆ చేతులు ఎంతమందికి దక్కకుండా పోయేవి?

కాంగో తూర్పు ప్రాంతంలోని బుకావులో డెనిస్ ముక్వెగే ఉన్నాడు. పెంతెకోస్తు పాస్టరు కొడుకు. చిన్నప్పుడు తండ్రి వెంట జబ్బు మనుషుల ఇళ్ళకి వెళ్ళేవాడు. తండ్రి ప్రార్థన చేస్తాడు గానీ మందు ఎందుకివ్వడని అడిగాడట. నేను డాక్టర్ని కాదు కదా అన్నాడట తండ్రి. కొడుకు డాక్టరయ్యాడు. 1999లో పాంజీ ఆసుపత్రి మొదలైంది. కాన్పుల కోసం కట్టుకున్న ఆసుపత్రికి మొదట వచ్చిన మనిషి యుద్ధంలో అత్యాచారానికి గురైన స్త్రీ. ఆ తర్వాత వేలూ పదివేలూ వచ్చారు. 2018లో ఆయనకి నోబెల్ శాంతి బహుమతి వచ్చినప్పుడు ఓస్లోలో నిలబడి కుట్లు వేయడం గురించి మాత్రమే మాట్లాడలేదు. తన దేశంలో జరిగిన నేరాల మీద ఐక్యరాజ్య సమితి తయారుచేసిన నివేదిక సొరుగులో మగ్గిపోతోందని అడిగాడు. మన జేబుల్లో ఉన్న ఫోన్లలోని ఖనిజాలకీ ఆ ఆడవాళ్ళ శరీరాలకీ ఉన్న సంబంధం చెప్పాడు. బైబిల్ యాప్‌లో వాక్యం చదువుకునే మన ఫోను కూడా ఆ లెక్కలోదే.

ముక్వెగేని 2012లో ఇంటి దగ్గరే చంపబోయారు. కుటుంబంతో దేశం విడిచి వెళ్ళాడు. అక్కడి పేద స్త్రీలు అనాసపళ్ళూ ఉల్లిపాయలూ అమ్మి, ఆయన తిరుగు టిక్కెట్టు కోసం డబ్బు పోగేశారు. 2013 జనవరిలో ఆయన తిరిగి వచ్చాడు. రెండు కాసుల కథకి ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నాకు తెలియదు. ఆ కాసులు ఎవరి అంగీ పొడుగు పెంచడానికీ పోలేదు. తమకి కావలసిన వైద్యుణ్ణి తెచ్చుకోవడానికి తామే పెట్టిన కాసులవి.

ఈ పేర్లు చెప్పి "చూశారా మన మతం గొప్పతనం" అని సంబరపడేవాళ్ళు ఉంటారు. వాళ్ళ కోసం ఐర్లండ్ సంగతి కూడా చెప్పాలి. అక్కడ క్రైస్తవ కరుణ పేరుతోనే మాగ్దలీన్ లాండ్రీలు నడిచాయి. పెళ్ళి కాకుండా తల్లులైనవాళ్ళనీ, అనాథ పిల్లల్నీ, ఇంట్లోవాళ్ళు భారమనుకున్న అమ్మాయిల్నీ తీసుకొచ్చి తలుపులు వేసి, జీతం లేకుండా బట్టలు ఉతికించారు. 1922 నుంచి దాదాపు 10,000 మంది ఆడవాళ్ళు వాటిలోకి వెళ్ళారని 2013లో ప్రభుత్వ నివేదిక లెక్క చెప్పింది. చివరిది మూతపడింది 1996లో. అంటే నిన్నమొన్న. 1993లో డబ్లిన్‌లో ఒక కాన్వెంటు స్థలం అమ్ముకుంటూ సమాధులు తవ్వితే 155 మంది శవాలు బయటపడ్డాయి. అధికారికంగా చెప్పిన లెక్కకంటే ఎక్కువ. కొందరికి పేరు కూడా సరిగా లేదు. ఈ లాండ్రీలు నడిపిన నాలుగు సంఘాల పేర్లలో ఉన్న మాటలు ఏమిటో తెలుసా? దయ, దాతృత్వం, మంచి కాపరి. 2013లో ప్రధానమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. నష్టపరిహారంలో వాటా ఇవ్వడానికి మాత్రం ఆ సంఘాలు ఒప్పుకోలేదు.

ఆదిస్ అబాబాలో ఉన్నదీ, డబ్లిన్‌లో ఉన్నదీ ఒకే సిలువ. మరి తేడా ఎక్కడ? ఒకచోట బాధపడిన స్త్రీని నిలబెట్టి చేతికి పని నేర్పారు, గాయానికి కారణం వెతికారు. ఇంకోచోట ఆమెనే కారణం అన్నారు. దయ ఉందా లేదా అన్నది ప్రశ్నే కాదు, రెండు చోట్లా దయ అనే అన్నారు. ఆ దయ ఎవరి నోరు తెరిపించింది, ఎవరి నోరు మూయించింది అన్నదే లెక్క.

పేదల పక్షాన మాట్లాడిన విముక్తి వేదాంతం కూడా ఈ పరీక్షలో పూర్తిగా నెగ్గలేదు. పెరూలో గుస్తావో గుటియర్రెజ్ 1971లో ఆ పేరుతోనే పుస్తకం తెచ్చాక, పేదరికం దేవుడి చిత్తం కాదు, మనుషులు చేసింది అని చెప్పడానికి లాటిన్ అమెరికా చర్చికి ఒక భాష దొరికింది. కానీ ఆ పేదవాడు చాలాకాలం మగవాడే. బ్రెజిల్ సన్యాసిని ఇవోన్ గెబారా, బీదవాడల్లో ఆడవాళ్ళ మధ్య బతుకుతూ, వరస కాన్పులతో చచ్చిపోతున్న వాళ్ళ సంగతి ఏమిటని అడిగింది. గర్భస్రావం గురించి చర్చి వైఖరికి భిన్నంగా మాట్లాడింది. 1995లో వాటికన్ ఆమెని రెండేళ్ళు మౌనంగా ఉండమని, యూరప్ వెళ్ళి వేదాంతం మళ్ళీ చదువుకోమని ఆదేశించింది. గర్భస్రావం మీద ఆమె మాటతో మీరు ఏకీభవించక్కర్లేదు. కానీ ప్రపంచంలో ఇప్పటికీ రోజుకి 700 మందికి పైగా స్త్రీలు కాన్పు సంబంధ కారణాలతో చచ్చిపోతున్నారు. అది అడిగిన మనిషికి జవాబుగా మౌనాన్ని విధించడం ఏ సువార్త?

ఇక మన ఇంటికి వద్దాం. తెలుగు క్రైస్తవం ఓర్చుకోమని చెప్పి పుట్టలేదు. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న మాదిగలకి పనీ కూలీ ఇచ్చాడు. గంజి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్, మగ డాక్టరు చెయ్యి తగలకూడదని చచ్చిపోతున్న ఆడవాళ్ళ కోసం ఆసుపత్రి కట్టించింది. మన అమ్మమ్మలు పలకా బలపం పట్టింది ఆ కాంపౌండ్లలోనే. ఇవి దొరల కాలపు పనులే, వాటి లోపాలు వాటికున్నాయి. కానీ అప్పుడు మనకి అందినవి కూలి, అక్షరం, మందు. ఇప్పుడు మనం పంచుతున్నది నూనె సీసాలూ వాగ్దాన క్యాలెండర్లూ.

ఇంట్లో ఆడదాని విషయానికి వస్తే మరీ సిగ్గుచేటు. 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం క్రైస్తవ భర్తకి భార్య వ్యభిచారం ఒక్కటి నిరూపిస్తే చాలు. భార్యకి మాత్రం వ్యభిచారంతో పాటు క్రూరత్వమో వదిలేసి వెళ్ళడమో కూడా నిరూపించాల్సి వచ్చేది. ఉత్త దెబ్బలు సరిపోయేవి కావు. అది మారింది 2001లో. 132 ఏళ్ళు! తిరువాన్కూరు క్రైస్తవుల 1916 చట్టంలో కూతురికి కొడుకు వాటాలో నాలుగో వంతో, 5,000 రూపాయలో, ఏది తక్కువైతే అది. మేరీ రాయ్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1986లో గెలిస్తే, సంతోషించాల్సిన చర్చి పెద్దల్లో చాలామంది కుటుంబాలు కూలిపోతాయని గోల పెట్టారు. 2018లో కేరళలో ఒక సన్యాసిని ఒక బిషప్పు మీద అత్యాచారం ఫిర్యాదు చేస్తే, ఆమె వెనక ఐదుగురు తోటి సన్యాసినులు కొచ్చి రోడ్డు మీద కూర్చోవలసి వచ్చింది. ఆ కేసులో 2022లో కింది కోర్టు ఆయన్ని నిర్దోషి అంది. తీర్పు సంగతి కోర్టులు చూసుకుంటాయి. ఫిర్యాదు చేసిన మనిషి పక్కన కూర్చోడానికి ఐదుగురే దొరికారు, అది నా బాధ.

నాకు వచ్చే అభ్యంతరాలు తెలుసు. ఇది రాజకీయం, మనకి ఆత్మల రక్షణ ముఖ్యం అంటారు. ఆకలిగొన్నవాళ్ళకి అన్నం పెట్టారా, చెరసాలలో ఉన్నవాళ్ళని చూశారా అని చివరి తీర్పులో అడుగుతానన్నది యేసే. ఆ ప్రశ్నాపత్రంలో ఆత్మలు ఎన్ని గెలిచారన్న ప్రశ్న లేదు. క్షమించాలి కదా అంటారు. క్షమించమని చెప్పే హక్కు దెబ్బలు తిన్నవాళ్ళకే ఉంది, కొట్టినవాడి పాస్టరుకి లేదు. జక్కయ్య పశ్చాత్తాపపడినప్పుడు అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. మన ఇళ్ళల్లో కొట్టినవాడు ఏం తిరిగి ఇస్తున్నాడు?

ఇంకో అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోలేను. "ఇప్పుడే మన మీద దాడులు జరుగుతున్నాయి, నువ్వు ఇలా రాస్తే వాళ్ళ చేతికి కర్ర ఇచ్చినట్టే" అంటారు. నిజమే, కాలం బాగాలేదు. 2008లో కంధమాల్‌లో ఒక సన్యాసినికి ఏం జరిగిందో, 2023లో మణిపూర్‌లో కుకీ స్త్రీలని బట్టల్లేకుండా ఎలా ఊరేగించారో మర్చిపోలేదు. అప్పుడు మన చర్చిలు కొవ్వొత్తులు పట్టుకుని రోడ్డు మీదకి వచ్చాయి. నేనూ నడిచాను. కానీ ఆ కొవ్వొత్తి పట్టుకున్న చేతులతోనే ఇంటికెళ్ళి పెళ్ళాన్ని కొట్టినవాడు మన మధ్య ఉంటే, వాడి పేరు చర్చి కమిటీ లిస్టులో ఉంటే, మణిపూర్ స్త్రీల పక్షాన మాట్లాడే మన గొంతుకి బలం ఎక్కడిది? శత్రువు వింటాడని బాధితురాలి నోరు నొక్కితే, శత్రువు పని మనమే చేసిపెట్టినట్టు. మతం వదిలేస్తే సరిపోతుంది కదా అనే అభ్యుదయ మిత్రులకి ఒక్కమాట. పల్లెలో దెబ్బలు తిన్న ఆడది అర్ధరాత్రి తలుపు తట్టేది ఇవాళ్టికీ పాస్టరు గారి తలుపే. ఆ తలుపు తెరవాలని పోట్లాడడం మీకు పనికిమాలిన పనిగా కనిపించవచ్చు. నాకు కనిపించదు.

కాబట్టి అడిగేవి సూటిగా అడుగుతాను. కొట్టినవాడికి ప్రభురాత్రి భోజనం ఆపండి, కమిటీలోంచి తీసేయండి. దెబ్బలతో వచ్చిన స్త్రీని పోలీసు స్టేషనుకి తీసుకెళ్ళడం, ఫిర్యాదు రాయించడం పాస్టరు పనుల్లో ఒకటని రాసిపెట్టండి. కానుకల లెక్క ప్రతి నెలా స్త్రీల సమాజం ముందు చదవండి, ఎందుకంటే ఆ సంచిలో పడేది ఎక్కువ వాళ్ళ కూలే. రెండు కాసుల ప్రసంగం చెప్పేముందు దానికి పైనున్న మాటలు బిగ్గరగా చదవండి. పుల్పిట్ మీద ఆడవాళ్ళకి చోటివ్వండి. దక్షిణ ఇండియా సంఘం 1976 నుంచీ స్త్రీలకి గురుత్వం ఇస్తోంది. 2013లో నంద్యాలలో పుష్పలలిత గారు ఆ సంఘానికి మొదటి మహిళా బిషప్పు అయ్యారు. తలుపు తెరుచుకుని ఇన్నేళ్ళయినా లోపలికి వెళ్ళినవాళ్ళు ఎందరు?

చివరిగా ఒక పేరు. 1985 జూలై 16న కారంచేడులో మాదిగలు తాగే నీళ్ళ చెరువుని పాడుచేస్తుంటే ఒక మాదిగ స్త్రీ అడ్డం చెప్పింది. మీదికి వస్తే చేతిలో బిందె ఎత్తింది. మర్నాడు ఊరి మీద పడి ఆరుగురిని చంపారు, ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. ఆ నెత్తురులోంచే దళిత మహాసభ పుట్టింది, 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టానికి దారి వేసినవాటిలో ఆ ఊరు ఒకటి. ఓర్పు బోధించేవాళ్ళు "చూశావా, నోరెత్తితే ఏమైందో" అంటారేమో. చంపింది ఆమె బిందె కాదు, చంపినవాళ్ళ కులం. ఆమె అడిగింది తాగే నీళ్ళు. ఆమె పేరు మున్నంగి సువార్త. తెలుగు చర్చి తన కూతుళ్ళకి పెట్టుకున్న పేర్లలో అంతకంటే పెద్ద పేరు లేదు. ఆ పేరుకి అర్థం ఏమిటో వేదాంత కళాశాలల్లో కాదు, ఆ చెరువు గట్టు మీద నేర్చుకోవాలి మనం.